బాబు రక్తంలో సీసం 14 అని వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా చిన్నవాడికి రెండున్నరేళ్లు. మాటలు ఆలస్యమవుతున్నాయని డాక్టరు గారు రక్తపరీక్షలు రాశారు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది, సీసం 14 ఉంది అన్నారు. మావారు పాత బ్యాటరీలు విప్పి బాగుచేసే షెడ్డులో పనిచేస్తారు. మేముండేది బాగా పాత ఇల్లు. కిటికీల రంగు పెచ్చులూడుతోంది, గీకించి కొత్త రంగు వేయిద్దామని పనివాళ్లను మాట్లాడుకున్నాం. సీసాన్ని ఒంట్లోంచి లాగేసే మందు ఉందని ఒకరు చెప్పారు, వాడమంటారా? బాబు మెదడు దెబ్బతిన్నట్టేనా? పెద్దవాడికి ఆరేళ్లు, నాకిప్పుడు నాలుగో నెల. వాళ్ల నాన్న గుమ్మంలోకి రాగానే చిన్నవాడు పరుగెత్తుకెళ్లి కాళ్లు చుట్టేసుకుంటాడు. ఇక దగ్గరికి రానివ్వకూడదా?

జవాబు: అమ్మా, ముందు ఆ కిటికీలు గీకే పని ఆపించండి. ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. మిగతావన్నీ ఆ తర్వాత.

పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉండే అవకాశం చాలా ఎక్కువ. గోడకి అంటుకుని ఉన్నంతసేపు అది పెద్దగా హాని చేయదు. ఉప్పు కాగితంతో రుద్దినా, పొడిగా గీకినా, మంటతో కాల్చి ఊడదీసినా అది కంటికి కనిపించని దుమ్మయి ఇల్లంతా పరుచుకుంటుంది. 14 ఉన్న పిల్లవాడికి ఇలాంటి మరమ్మతు జరిగిన కొన్ని వారాల్లోనే 30, 40 దాటిపోవచ్చు. మీ ఇంట్లో ఇప్పుడున్న ప్రమాదం కంటే ఆ గీకుడుతో రాబోయేది పెద్దది. దాన్ని ఎలా చేయించాలో కింద చెబుతాం.

ఇక ఆ 14 సంగతి. వంద మిల్లీలీటర్ల రక్తంలో, అంటే ఒక డెసిలీటరులో, 14 మైక్రోగ్రాముల సీసం ఉందని దానర్థం. కొన్ని ల్యాబులు లీటరుకి లెక్కగట్టి ఇదే ఫలితాన్ని 140 అని రాస్తాయి, మైక్రోమోల్స్‌లో రాస్తే 0.68 అవుతుంది. వేరే ల్యాబు రిపోర్టు చూసి కంగారు పడకుండా అంకె పక్కన ఏ కొలత రాశారో చూడండి. ఆ రక్తం వేలి నుంచి తీశారా, చేతి నరం నుంచి తీశారా అన్నది కూడా డాక్టరు గారిని అడగండి. ఇది చిన్న విషయం కాదు. బ్యాటరీ పని దుమ్ము ఇంటికి చేరే చోట పిల్లవాడి వేలి చర్మం మీదే సీసం ఉండొచ్చు, సూది గుచ్చినప్పుడు అది రక్తపు చుక్కలో కలిసి అంకె ఎక్కువ చూపించవచ్చు. వేలి నుంచి తీసినదైతే నెలలోపు నరం నుంచి రక్తం తీయించి మళ్లీ చూపించాలి. మొదటిదే నరం నుంచి తీసిందైతే ఒకటి నుంచి మూడు నెలల్లోపు మళ్లీ చేయిస్తే చాలు. మీ ఇంట్లో గర్భిణి ఉన్నారు, పనిచేసే మనిషి ఉన్నారు, పాత రంగు ఉంది కాబట్టి ఒక నెలకే చేయించమని మా సలహా. వెంట్రుకల పరీక్షలు, ముందు మందు మింగించి తర్వాత మూత్రంలో సీసం చూసే పరీక్షలు ఎవరైనా చెబితే వద్దనండి. వాటి ఫలితాలకు పోల్చి చూసుకునే సరైన ప్రమాణమే లేదు.

పిల్లల రక్తంలో ఇంతవరకు సీసం ఉన్నా ఫర్వాలేదు అని చెప్పగలిగిన అంకె లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం 5, అంతకంటే ఎక్కువ వస్తే ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం అదే ఏడాది తన గీతను 5 నుంచి 3.5కి దించింది. ఈ 3.5ని చాలామంది 'సురక్షిత హద్దు' అనుకుంటారు, కాదు. ఆ దేశంలో ఒకటి నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో అందరికంటే ఎక్కువ సీసం ఉన్న నూటికి రెండున్నర మందిని వేరుచేసే గుర్తు మాత్రమే అది. మీ బాబుది ఆ గీతకి నాలుగు రెట్లు. తేలిగ్గా తీసుకోదగ్గది కాదు, ఆస్పత్రిలో చేర్పించాల్సినదీ కాదు.

మెదడు గురించి అడిగారు. దాచకుండా చెబుతాం. సీసం ఒంట్లో కాల్షియంలా చెలామణి అయిపోతుంది. నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట కాల్షియం చేయాల్సిన పనిలో అది అడ్డుపడుతుంది. కొత్త విషయం నేర్చుకున్నప్పుడు ఆ కణాల మధ్య బంధాన్ని గట్టిపరిచే ఎన్‌ఎండీఏ అనే గ్రాహకాలను కూడా అది మూసేస్తుంది. ఒకటి నుంచి మూడేళ్ల మధ్య మెదడు ఈ బంధాలను లక్షల్లో అల్లుకుంటూ, అక్కర్లేనివి తెంపుకుంటూ ఉంటుంది. సరిగ్గా ఆ వయసులోనే పిల్లలు నేలమీద పాకి, చేతికందింది నోట్లో పెట్టుకుంటారు. పెద్దవాళ్ల పేగులు మింగిన సీసంలో పదో వంతు పీల్చుకుంటే, పసిపిల్లల పేగులు దాదాపు సగం పీల్చుకుంటాయి. ఒకే ఇంట్లో ఉన్నా మీకంటే వాడికి ఎక్కువ ఎక్కడానికి కారణం ఇదే.

ఎంత నష్టం? ఏడు చోట్ల పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చిన 1,333 మంది పిల్లల లెక్కలను కలిపి 2005లో ప్రచురించారు. రక్తంలో సీసం 2.4 నుంచి 10కి పెరిగినప్పుడు ఐక్యూ సగటున 3.9 పాయింట్లు తగ్గింది. 10 నుంచి 20కి పెరిగితే మరో 1.9. రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఇది సగటు. మీ బాబు ఒక్కడి భవిష్యత్తును ఆ అంకె చెప్పలేదు. పిల్లవాడితో ఇంట్లో ఎంత మాట్లాడుతున్నారు, ఎలా తింటున్నాడు, ఎలా నిద్రపోతున్నాడు అన్నవి కూడా వాడి తెలివితేటలను మలుస్తాయి. రెండోది, నష్టంలో ఎక్కువ భాగం కింది అంకెల దగ్గరే జరుగుతోంది. కాబట్టి 14ని పదికి దించి 'పది లోపుకి వచ్చాం కదా' అని ఆగిపోకూడదు. పది నుంచి నాలుగుకి, నాలుగు నుంచి రెండుకి దించడంలోనే ఎక్కువ మేలుంది.

మాటల ఆలస్యాన్ని మొత్తం సీసం ఖాతాలో వేయకండి. వినికిడి పరీక్ష చేయించండి, మాటలు నేర్పే థెరపిస్టుకి చూపించండి. సీసం తగ్గేదాకా ఆగుదాం అనుకుని నెలలు పోగొట్టుకోవద్దు. సీసం ఎక్కించిన ఎలుకల్ని ఆటవస్తువులూ తోటి ఎలుకలూ ఉన్న పెద్ద బోనుల్లో పెంచితే, ఖాళీ బోనుల్లో ఒంటరిగా పెరిగిన వాటికంటే అవి బాగా నేర్చుకున్నాయని ప్రయోగాల్లో తేలింది. పిల్లల విషయంలోనూ మేం ఇదే దారి సూచిస్తాం: రోజూ బొమ్మల పుస్తకం ముందేసుకుని కబుర్లు చెప్పడం, పాటలు పాడటం, వాడు చూపించిన ప్రతిదానికీ పేరు చెప్పడం.

లాగేసే మందు గురించి. వద్దు. ఈ మందులు నిజంగానే ఉన్నాయి, సక్సిమర్ అనేది నోటితో ఇస్తారు. కానీ పిల్లల్లో వాటిని వాడాల్సింది 45, అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు. 20 నుంచి 44 మధ్య ఉన్న 780 మంది పసిపిల్లల మీద పరీక్షించి 2001లో ఫలితాలు ప్రచురించారు. మందు తీసుకున్నవాళ్ల రక్తంలో సీసం తగ్గింది గానీ, తెలివితేటల్లో, నడవడికలో మందు తీసుకోని పిల్లలకంటే ఏ మేలూ కనిపించలేదు. ఏడేళ్లు వచ్చాక మళ్లీ చూసినా అంతే. సీసం ఎక్కువగా దాక్కునేది ఎముకల్లో. మందు రక్తాన్ని శుభ్రం చేశాక ఎముకల్లోంచి మళ్లీ రక్తంలోకి ఊరుతుంది. ఇంట్లో దుమ్ము అలాగే ఉంటే పైనుంచి కొత్తదీ చేరుతుంది. పైగా తెల్లరక్తకణాలు తగ్గడం, కాలేయ ఎంజైములు పెరగడం లాంటి దుష్ఫలితాలున్నాయి. ఇక సీసాన్ని లాగేసే మరో మందు, సెలైన్‌లో ఎక్కించే ఈడీటీఏ విషయంలో ఒక్క పేరు తేడా ప్రాణం తీస్తుంది. పిల్లలకు వాడేది కాల్షియం డైసోడియం ఈడీటీఏ. కాల్షియం లేని డైసోడియం ఈడీటీఏ పొరపాటున ఎక్కిస్తే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి గుండె ఆగుతుంది. అలా పిల్లలు చనిపోయారు కూడా. 'డీటాక్స్' పేరుతో ఎవరు ఏం అమ్మజూపినా కొనకండి.

అయితే వైద్యం ఏమిటంటారా? సీసం వచ్చే దారి మూయడమే వైద్యం. మీ ఇంట్లో అనుమానించాల్సిన మొదటి దారి షెడ్డు, రెండోది కిటికీలు.

బ్యాటరీ పలకల మీద ఉండే ముద్ద సీసం ఆక్సైడ్. ఎండితే మెత్తని పొడి అవుతుంది. చొక్కాకి, జుట్టుకి, గడ్డానికి, బూట్లకి, ఫోన్‌కి, బండి సీటుకి అంటుకుని ఇంటికొస్తుంది. బాబు చుట్టేసుకునే ఆ ప్యాంటు మోకాళ్ల దగ్గర ఎంత పొడి ఉంటుందో ఊహించండి. మీవారు చేయాల్సింది ఇది. షెడ్డులో వేసుకునే బట్టలు, బూట్లు షెడ్డులోనే ఉండాలి. పని అయ్యాక అక్కడే సబ్బుతో తలస్నానం చేసి, విడిగా సంచిలో పెట్టుకున్న శుభ్రమైన బట్టలు వేసుకుని ఇంటికి బయల్దేరాలి. అక్కడ నీళ్ల వసతి లేకపోతే ఇంటి బయట కుళాయి దగ్గరైనా, లోపల ఎవరినీ తాకకుండా నేరుగా స్నానాల గదికి వెళ్లైనా చేయాలి. విడిచిన బట్టల్ని దులపకూడదు. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి, ఇంటి బట్టలతో కలపకుండా ఉతకాలి, ఆ తర్వాత మెషిన్‌ని ఒకసారి ఖాళీగా తిప్పాలి. గర్భంతో ఉన్నారు కాబట్టి ఆ బట్టలు మీరు ముట్టుకోవద్దు. అన్నం డబ్బా పని బల్ల మీద పెట్టకూడదు. తినేముందు, సిగరెట్ అలవాటుంటే దానికి ముందు కూడా, మోచేతుల వరకు సబ్బుతో కడుక్కోవాలి. శానిటైజర్ క్రిముల్ని చంపుతుందేమో గానీ సీసాన్ని తీయదు, చేతినిండా పులుముతుంది అంతే. ఆయన రక్తం కూడా పరీక్ష చేయించండి. ఆయనకి ఎక్కువ వస్తే షెడ్డులో గాలి, మాస్కుల సంగతి యజమానితో మాట్లాడాల్సిందే. మామూలు గుడ్డ మాస్కు ఈ పొడిని ఆపలేదు. సీసం కరిగించే పని ఇంట్లో గానీ, పెరట్లో గానీ ఒక్క రోజు కూడా చేయకూడదు.

ఇంట్లో ఇప్పటికే చేరిన దుమ్మును తీయాలి. పొడి చీపురు వాడితే నేలమీదున్నది గాల్లోకి లేస్తుంది. మామూలు వాక్యూమ్ క్లీనర్ సన్నని పొడిని వెనకనుంచి బయటకు ఊదుతుంది, హెపా ఫిల్టరున్నదైతేనే పనికొస్తుంది. అది లేకపోయినా తడిగుడ్డ, రెండు బకెట్లు చాలు. ఒకదాంట్లో సబ్బునీళ్లు, ఒకదాంట్లో మంచినీళ్లు. గుడ్డని సబ్బునీళ్లలో ముంచి తుడవండి, మంచినీళ్ల బకెట్లో జాడించి పిండండి, మళ్లీ సబ్బునీళ్లలో ముంచండి. ఎక్కువమంది చేసే తప్పు ఒకే బకెట్‌తో ఇల్లంతా తుడవడం. రెండో గదికి వచ్చేసరికి మొదటి గది సీసాన్నే అక్కడ పూస్తుంటారు. గదికొకసారి రెండు బకెట్ల నీళ్లూ మార్చండి. పైనుంచి కిందికి, లోపలి మూల నుంచి గుమ్మం వైపుకి రండి. కిటికీ రెక్కలు దిగే గాడి, కిటికీ గట్టు, తలుపు మూలలు, మంచం కింద, ఈ నాలుగు చోట్లా పదింతలు శ్రద్ధ పెట్టండి. మురికినీళ్లు పెరట్లో పారబోయకండి, మరుగుదొడ్లో పోయండి. గుడ్డలు పారేయండి. ఈ పని మీరు చేయకూడదు, పిల్లలు ఆ గదిలో ఉండకూడదు. మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి. బాబు బొమ్మల్ని, పాలపీకని కూడా సబ్బుతో కడగండి. తివాచీ ఉంటే తీసేయండి, దాంట్లోంచి సీసం పూర్తిగా పోదు.

కిటికీల సంగతి. ఊడిన పెచ్చుల్ని తడిగుడ్డతో ఏరి, పెచ్చులు లేస్తున్న చోట మందపాటి ప్లాస్టిక్ షీటు వేసి వెడల్పు టేపుతో అంటించండి. బాబు మంచాన్ని అక్కణ్ణుంచి జరపండి. ఆ కిటికీలు తెరిచి మూసినప్పుడల్లా రంగు రాపిడికి పొడవుతుంది కాబట్టి వాటిని మూసే ఉంచండి. చెక్క కనిపించేంత లోతుకి, అన్ని పొరలూ వచ్చేలా చిన్న పెచ్చు తీసి ల్యాబుకి పంపితే సీసం ఉందో లేదో తేలుతుంది. పైపొర ఒక్కటే పంపితే అడుగున ఉన్న పాత పొర దొరకదు. ఇంట్లో రుద్ది చూసుకునే కిట్లను నమ్ముకోవద్దు. సీసం ఉందని తేలితే ఈ పని తెలిసిన మనిషితోనే చేయించాలి: గదిని ప్లాస్టిక్‌తో మూసి, రంగును నీళ్లతో తడుపుతూ గీకి, అదే రోజు తడిగా శుభ్రం చేసి. పని మొదలైనప్పటి నుంచి పైన చెప్పిన శుద్ధి పూర్తయ్యేదాకా మీరూ పిల్లలూ వేరేచోట ఉండాలి. కదలని గోడమీద రంగు గట్టిగా ఉంటే దానిమీదే కొత్త రంగు వేయొచ్చు, రాపిడి తగిలే కిటికీ రెక్కలకు మాత్రం అది నిలవదు. వాటిని మార్చేయడమే నయం. కొత్త రంగు డబ్బా మీద సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) లోపు అని ఉందో లేదో చూడండి.

మిగతా దారుల్ని త్వరగా ఒక చూపు చూడండి. పాత సీసపు గొట్టాలుంటే వంటకీ తాగడానికీ చన్నీళ్ల కుళాయి నీళ్లే పట్టండి, రాత్రంతా నిలవున్న నీళ్లు కాసేపు వదిలేయండి. మరిగిస్తే సీసం పోదు, నీళ్లు తగ్గేకొద్దీ చిక్కబడుతుంది. తుక్కులోహం కరిగించి పోసిన వంటపాత్రలు, మెరిసే పూత పెచ్చులూడిన మట్టిపాత్రలు, లోహాలు కలిపిన సంప్రదాయ మందులు, సీసం ఉన్న కంటి పొడులు, చవక లోహపు గొలుసులు, రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కల్తీ చేసిన మసాలా పొడులు, ఇవన్నీ ఇళ్లల్లో తరచుగా బయటపడే దారులే. ఇంట్లో ఇలాంటివేమైనా ఉంటే డాక్టరు గారికి చూపించండి.

హిమోగ్లోబిన్ తక్కువ అన్నారు కదా, అది ఇక్కడ చాలా ముఖ్యం. 14 దగ్గర సీసం ఒక్కటే రక్తహీనత తేవడం అరుదు. బహుశా ఇనుము లోపం ముందే ఉండి ఉంటుంది. పేగుల్లో ఇనుమునీ సీసాన్నీ లోపలికి చేర్చే ద్వారం ఒకటే. ఇనుము చాలనప్పుడు ఒళ్లు ఆ ద్వారాలను పెంచుకుంటుంది, వాటిగుండా సీసం కూడా ఎక్కువగా దూరుతుంది. ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించి, లోపం ఉంటే డాక్టరు చెప్పిన మోతాదులో ఇనుము మందు వాడండి. పరీక్ష లేకుండా సొంతంగా ఇవ్వొద్దు, ఎక్కువైన ఇనుము పసిపిల్లలకు విషమే, ఆ మందు బాటిల్‌ని పిల్లలకు అందని చోట పెట్టండి. ఈ వయసు పిల్లవాడికి రోజుకి దాదాపు 7 మిల్లీగ్రాముల ఇనుము, 700 మిల్లీగ్రాముల కాల్షియం అందాలి. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు సీసం బాగా ఎక్కుతుంది కాబట్టి మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి ఇవ్వండి. ప్రతిసారీ తినేముందు, నిద్రకి ముందు చేతులు సబ్బుతో కడగండి. గోళ్లు పొట్టిగా కత్తిరించండి.

మీరూ, పెద్దవాడూ ఈ వారంలోనే పరీక్ష చేయించుకోండి. గర్భంలో సీసం మావిని దాటి బిడ్డకి చేరుతుంది. పైగా బిడ్డ ఎముకలకు కాల్షియం ఇవ్వడానికి తల్లి ఎముకలు కరిగినప్పుడు, వాటిలో ఏళ్లుగా దాగిన సీసం కూడా బయటికొస్తుంది. కాల్షియం చాలినంత అందుతుంటే ఆ కరుగుదల తగ్గుతుంది. మీకు 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే కాల్షియం మాత్రల గురించి మీ గైనకాలజిస్టుని తప్పక అడగండి.

దారులు మూశాక కూడా అంకె నెమ్మదిగానే దిగుతుంది. రక్తంలోని సీసం సగమవడానికి నెల రోజులు చాలు, కానీ ఎముకల్లోంచి ఊరుతూ ఉంటుంది కాబట్టి నెలలు పడుతుంది. 14 పోయి 13 వస్తే సంబరపడకండి, 15 వస్తే కుంగిపోకండి, ఒకటి రెండు పాయింట్ల తేడా యంత్రంలోనే ఉంటుంది. మూడు నెలలకీ దిగకపోతే ఏదో ఒక దారి ఇంకా తెరిచే ఉందని లెక్క, మళ్లీ వెతకాలి. సీసం తగ్గిపోయాక కూడా బాబు ఫైల్లో ఈ రిపోర్టు ఉంచండి. ఏకాగ్రత, చదువు ఇబ్బందులు ఒకటో తరగతిలో, నాలుగులో, ఆరేడు తరగతుల్లో చదువు బరువు పెరిగినప్పుడు బయటపడవచ్చు. అప్పుడు టీచర్లు అల్లరి అని కొట్టిపారేయకుండా పరీక్ష చేయించడానికి ఆ కాగితం పనికొస్తుంది.

ఆగకుండా వాంతులు, మత్తుగా పడుకోవడం, నడకలో తూలడం, ఫిట్స్, తీవ్రమైన కడుపునొప్పి, వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. రంగు పెచ్చు గానీ లోహపు ముక్క గానీ మింగాడని అనుమానమొచ్చినా అంతే, కడుపు ఎక్స్‌రే తీయమని అడగండి. కడుపులో ఆగిపోయిన చిన్న సీసపు బిళ్ల ఒక్కటి అంకెను వంద దాటించగలదు.

చివరగా, నాన్న దగ్గరికి రానివ్వాలా అని అడిగారు. సీసం జలుబులా మనిషి నుంచి మనిషికి అంటుకునేది కాదు, బట్టల మీదా ఒంటి మీదా ఉన్న దుమ్ముతోనే వస్తుంది. స్నానం చేసి బట్టలు మార్చుకునే ఆ పావుగంట బాబుని మీ దగ్గర ఉంచుకోండి. తడి జుట్టుతో ఆయన బయటికి రాగానే వదిలేయండి. ఎంతసేపు ఎత్తుకున్నా, ముద్దుపెట్టుకున్నా ఫర్వాలేదు.